యాపిల్ ఐర్లండ్ పన్ను: ఎనిమిదేళ్లు ఖర్చుగా కనపడనిది ఒక్క త్రైమాసికంలో ఎలా పడింది?

కొత్తగా_చేరాను · శుక్రవారం, రాత్రి 10:42

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక అమెరికన్ కంపెనీ సెంటర్‌లో ట్యాక్స్ ప్రొవిజన్ టీమ్‌లో (కంపెనీ పుస్తకాల్లో పన్ను ఖర్చు ఎంత రాయాలో లెక్కగట్టే టీమ్) చేరి నాలుగు నెలలైంది. సీఏ ఇంటర్ అయింది. ఆర్టికల్‌షిప్ అంతా జీఎస్టీ, టీడీఎస్ రిటర్నులతోనే గడిచింది కాబట్టి ఇక్కడి పని నాకు పూర్తిగా కొత్త. షీట్ నింపుతున్నాను, అంకెలు టై అవుతున్నాయి, అంటే రెండు వైపులా సరిపోతున్నాయి. ఎందుకు టై అవుతున్నాయో మాత్రం అర్థం కావట్లేదు. అలా పనిచేయడం నాకు మనసొప్పడం లేదు.

మా మేనేజర్ యాపిల్ 2024 వార్షిక నివేదిక ఇచ్చి, అందులో పన్నుల నోట్ చదివి రమ్మన్నారు. మూడు చోట్ల ఆగిపోయాను.

ఒకటి. 2023లో పన్నుకు ముందు లాభం 113.7 బిలియన్ డాలర్లు, పన్ను ఖర్చు 16.7 బిలియన్. అంటే 14.7 శాతం. 2024లో లాభం 123.5 బిలియన్, పన్ను 29.7 బిలియన్. అంటే 24.1 శాతం. అమెరికా రేటు 21 శాతమే కదా, ఒక ఏడాది దానికింద, మరుసటి ఏడాది దానిపైన ఎలా?

రెండు. యాపిల్ ఐర్లండ్‌కు పాత పన్ను బాకీ కట్టాలన్న యూరోపియన్ కమిషన్ ఆదేశం మీద గొడవ 2016 నుంచి ఉంది. ఖర్చు 2024లోనే ఎందుకు రాశారు?

మూడు. డబ్బు 2018లోనే ఎస్క్రోలో (కేసు తేలేదాకా ఎవరూ వాడుకోకుండా ఉంచే ఖాతాలో) వేశారట. డబ్బు కట్టాక కూడా ఖర్చు రాయకుండా ఉండొచ్చా?

---

బెజవాడ_మాస్టారు · శుక్రవారం, రాత్రి 11:20

అమ్మా, మూడింటికీ జవాబుంది. కానీ పునాది వేసుకోకుండా ఐర్లండ్ వెళ్తే దారి తప్పుతావు. ముప్పై ఏళ్లుగా కామర్స్ చెబుతున్నాను, పిల్లలు తడబడేది ఎప్పుడూ ఈ ఒక్కచోటే.

వాటాదారులకు చూపే లాభం వేరు, పన్ను చట్టం లెక్కగట్టే లాభం వేరు. ఇందులో దొంగతనం ఏమీ లేదు, రెండూ చట్టబద్ధమే. ఒక ఉదాహరణ చేత్తో వేసి చూడు.

100 కోట్ల మిషన్ కొన్నారు. పుస్తకాల్లో పదేళ్లు, ఏటా 10 కోట్ల తరుగుదల. పన్ను చట్టం మాత్రం మొదటి ఏడాదే మొత్తం 100 కొట్టేయనిచ్చింది. తరుగుదలకు ముందు లాభం ఏటా 150, పన్ను రేటు 21 శాతం అనుకో.

మొదటి ఏడాది పుస్తక లాభం 140, పన్ను లాభం 50. ప్రభుత్వానికి కట్టేది 50 మీద, అంటే 10.5. కానీ ఖర్చుగా రాసేది 140 మీద, అంటే 29.4. మధ్యలో ఉన్న 18.9 ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. అది డిఫర్డ్ ట్యాక్స్ లయబిలిటీగా, అంటే ముందుముందు కట్టాల్సిన పన్ను బాకీగా, బ్యాలెన్స్ షీట్‌లో కూర్చుంది.

ఎంట్రీ ఇది: పన్ను ఖర్చు డెబిట్ 29.4, కట్టాల్సిన పన్ను క్రెడిట్ 10.5, డిఫర్డ్ ట్యాక్స్ క్రెడిట్ 18.9.

రెండో ఏడాది నుంచి పన్ను లెక్కలో తరుగుదల మిగల్లేదు. 150 మీద 31.5 కట్టాలి, ఖర్చు మాత్రం అదే 29.4. ఏటా 2.1 చొప్పున ఆ 18.9 కరుగుతుంది. తొమ్మిదేళ్లు వేసి చూడు, సరిగ్గా సున్నా అవుతుంది. కాగితం మీద వేశాకే నా తర్వాతి మాట చదువు.

---

కొత్తగా_చేరాను · శుక్రవారం, రాత్రి 11:51

వేశాను మాస్టారూ. 2.1 ఇంటూ 9, 18.9. ఇంతకాలం ఆ కాలమ్‌ని సిస్టమే నింపేస్తుంటే అదేంటో అడగలేదు నేను.

---

ఎడిసన్_అన్న · శనివారం, ఉదయం 7:05

న్యూజెర్సీలో ఇదే పనిలో పద్నాలుగేళ్లు. మాస్టారు చెప్పిన తేడా ఎప్పటికైనా సర్దుకునేది, అందుకే దాన్ని తాత్కాలిక తేడా అంటాం. అది మొత్తం పన్ను ఖర్చును మార్చదు, ఎప్పుడు కడతామన్నదే మారుస్తుంది. కాబట్టి చెల్లీ, నీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడ దొరకదు. ఎప్పటికీ సర్దుకోని తేడాల్లో ఉంటుంది. వాటిని చూపించే పట్టికే రేట్ రికన్సిలియేషన్. మీ ఆఫీసులో రేట్ రెక్ అంటుంటారు కదా, అదే.

యాపిల్ 2023 పట్టిక ఇలా నడుస్తుంది, అంకెలు మిలియన్ డాలర్లలో. 21 శాతం చొప్పున రావాల్సిన పన్ను 23,885. రాష్ట్రాల పన్నులు కలిపితే 1,124 పెరిగింది. విదేశీ సబ్సిడరీల ఆదాయం మీద రేటు తక్కువ కాబట్టి 5,744 తగ్గింది. పరిశోధన క్రెడిట్ (పరిశోధన ఖర్చుకు పన్నులో ఇచ్చే తగ్గింపు) 1,212 తగ్గించింది. ఉద్యోగుల షేర్ల మీద అదనపు మినహాయింపు ఇంకో 1,120. ఇతరాలు 192 తగ్గింపు. మిగిలింది 16,741. అదే 14.7 శాతం.

ఇప్పుడు 2024. మొదలు 25,932. రాష్ట్రాలవి 1,162 పైకి. విదేశీ ఆదాయం 5,311 కిందికి. పరిశోధన 1,397, షేర్లవి 893 కిందికి. ఇతరాలు 10 పైకి. ఇవన్నీ ఏటా ఉండే వరసలే. కొత్తగా వచ్చింది ఒక్కటే: స్టేట్ ఎయిడ్ నిర్ణయం (నువ్వడిగిన ఐర్లండ్ కేసే, ప్రభుత్వం కంపెనీకి చేసిన అక్రమ సాయం అన్న కేసు) ప్రభావం, 10,246. అన్నీ కలిపితే 29,749.

ఆ ఒక్క వరస తీసేసి చూడు. 19,503 బై 123,485. 15.8 శాతం. అంటే కంపెనీ మామూలు నడక అంతకుముందు ఏడాది కంటే పెద్దగా మారలేదు. ఎవరైనా యాపిల్ పన్ను రేటు 24 శాతానికి పెరిగిపోయిందని రాస్తే, ఆ మనిషి ఈ పట్టిక తెరవలేదన్నమాట.

---

డబ్లిన్_లో_ఉంటున్నా · శనివారం, మధ్యాహ్నం 2:30

ఐర్లండ్ వైపు కథ నేను చెప్తానండి. ఇక్కడ పదేళ్లుగా ఉంటున్నాను, ఈ కేసు గురించి ఆఫీసు క్యాంటీన్‌లో వినని నెల లేదు.

2016 ఆగస్టు 30న యూరోపియన్ కమిషన్ చెప్పింది ఇదీ. యాపిల్‌కు ఇక్కడ రెండు కంపెనీలు ఉండేవి, యాపిల్ సేల్స్ ఇంటర్నేషనల్, యాపిల్ ఆపరేషన్స్ యూరప్. 1991లో ఒకసారి, 2007లో ఒకసారి ఐర్లండ్ పన్ను శాఖ వాటికి రూలింగులు (పన్ను ఎలా లెక్కగట్టాలో ముందే చెప్పే నిర్ణయాలు) ఇచ్చింది. ఆ రూలింగుల ప్రకారం లాభంలో చాలా భాగం హెడ్ ఆఫీసు ఖాతాలోకి పోతుంది. ఆ హెడ్ ఆఫీసుకు ఏ దేశమూ లేదు, ఉద్యోగులు లేరు, సొంత భవనం లేదు. 2011లో యాపిల్ సేల్స్ ఇంటర్నేషనల్ లాభం దాదాపు 16 బిలియన్ యూరోలైతే, ఐర్లండ్‌లో పన్నుకు వచ్చింది సుమారు 50 మిలియన్ యూరోలు మాత్రమే. ఆ కంపెనీ యూరప్ లాభాల మీద పడిన రేటు 2003లో 1 శాతం, 2014కి 0.005 శాతం అని కమిషన్ లెక్క. 2003 నుంచి 2014 వరకు బాకీ 13 బిలియన్ యూరోల దాకా వడ్డీతో వసూలు చేయమని ఆదేశం.

ఇక్కడ బయటివాళ్లకు మింగుడుపడనిది ఒకటుంది. ఆ డబ్బు మాకొద్దు అని యాపిల్‌తో పాటు ఐర్లండ్ ప్రభుత్వం కూడా కోర్టుకెళ్లింది! 12.5 శాతం రేటు చూసి వచ్చిన కంపెనీల మీదే ఈ దేశం నిలబడింది. ఒక కంపెనీకి ఇచ్చిన మాట పోతే మిగతావాళ్లు నమ్మరన్నది వాళ్ల భయం. నాకు ఉద్యోగం ఇచ్చింది కూడా అలాంటి కంపెనీయే, కాబట్టి ఆ భయం నాకు తెలుసు. అయినా, అద్దె ఇంటి కోసం ఇరవై మంది వరసలో నిలబడిన రోజున, పదమూడు బిలియన్లు వద్దనడం సబబేనా అని నాకూ అనిపించింది.

2020 జూలై 15న యూరప్ కింది కోర్టయిన జనరల్ కోర్టు కమిషన్ నిర్ణయాన్ని కొట్టేసింది. 2023 నవంబర్‌లో పై కోర్టుకు సలహా ఇచ్చే అడ్వొకేట్ జనరల్ ఆ తీర్పులో లోపాలున్నాయన్నారు. 2024 సెప్టెంబర్ 10న యూరప్ అత్యున్నత న్యాయస్థానం కమిషన్‌దే సరి అని తేల్చేసింది. ఆ పైన అప్పీలు లేదు.

---

ఓరుగల్లు_ఆడిటర్ · శనివారం, సాయంత్రం 5:15

ఆ తేదీలు పక్కన పెట్టుకుంటే రెండో ప్రశ్న, మూడో ప్రశ్న రెండూ విడిపోతాయి. ఇది నాకు చాలా ఇష్టమైన టాపిక్, అందుకని కొంచెం పొడుగు రాస్తున్న.

అమెరికా లెక్కల ప్రమాణం ఏఎస్‌సీ 740లో అనిశ్చిత పన్నుల కోసం రెండు మెట్లున్నయి. 2006లో వచ్చిన రూల్ ఇది. అంతకుముందు ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగ రిజర్వు పెట్టుకునేది.

మొదటి మెట్టు: మన వాదన చట్టం ముందు నిలబడే అవకాశం 50 శాతం కంటే ఎక్కువ ఉన్నదా? ఇక్కడ ఒక షరతు ఉన్నది, కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ నేను మొదట ఇదే చెప్త. పన్ను అధికారి మన ఫైలు తెరుస్తడు, అన్ని కాగితాలు అతని ముందు ఉంటయి అనుకొనే లెక్క వెయ్యాలె. 'మన కేసు వాళ్ల కంట పడదులే' అన్నది లెక్కలోకి రాదు. చట్టప్రకారం మన వాదనకు ఎంత బలముందో అదొక్కటే చూడాలె.

రెండో మెట్టు: నిలబడుతది అనుకుంటే ఎంత నిలబడుతది? ఒక 100 కోట్ల పన్ను తగ్గింపు తీసుకుందాం. మొత్తం 100 నిలబడే అవకాశం 25 శాతం, 75 నిలబడేది 20 శాతం, 50 నిలబడేది 25 శాతం, ఏమీ మిగలనిది 30 శాతం. పైనుంచి కూడుకుంట రా: 25, 45, 70. సగం దాటింది 50 కోట్ల దగ్గర. కాబట్టి పుస్తకాల్లో 50 కోట్ల తగ్గింపే రాసుకుంటం, మిగతా 50 రిజర్వు. అంతర్జాతీయ ప్రమాణాల కింద, మన ఇండ్ ఏఎస్ 12 కింద అయితే సంభావ్యతలతో గుణించి కూడే పద్ధతి కూడా ఉన్నది. అప్పుడు అదే కేసుకు 52.5 వస్తది. మన దగ్గర ఇది 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నది.

ఇప్పుడు యాపిల్. 2016లో కమిషన్ ఆదేశం వచ్చిన రోజే ఖర్చు రాయలేదు, ఎందుకంటే కోర్టులో గెలుస్తం అని కంపెనీ అంచనా, ఆడిటర్లు దాన్ని ఒప్పుకున్నరు. 2020 తీర్పు ఆ అంచనాకు బలమిచ్చింది. 2024 సెప్టెంబర్ 10తో అంచనాకు జాగనే లేదు. యాపిల్ ఆర్థిక సంవత్సరం ముగిసింది సెప్టెంబర్ 28న. మధ్యలో పద్దెనిమిది రోజులు. అందుకే మొత్తం భారం నాలుగో త్రైమాసికంలోనే పడ్డది: పన్నుకు ముందు లాభం 29.6 బిలియన్ డాలర్లు, పన్ను 14.9, మిగిలింది 14.7. అమ్ముడుబోయిన ఫోన్లు తగ్గి కాదు, ఆ కోర్టు ఉన్న లక్సెంబర్గ్‌లో తీర్పు వచ్చి లాభం అంత పడిపోయింది.

ఎస్క్రో సంగతి. డబ్బు కట్టుడు వేరు, ఖర్చు రాసుడు వేరు. 2018లో 13.1 బిలియన్ యూరోల అసలు, 1.2 బిలియన్ వడ్డీ ఎస్క్రోకు పంపిన్రు. కానీ గెలిస్తే అది వెనక్కి వస్తది. కాబట్టి అది కంపెనీ ఆస్తే, వాడుకోవడానికి వీల్లేని ఆస్తి. బ్యాలెన్స్ షీట్‌ల నిర్బంధ నగదు, సెక్యూరిటీలుగ చూపించిన్రు. ఊళ్లో భూమి తగాదాల కోర్టులో డిపాజిట్ కట్టినోళ్లకు ఇది వెంటనే సమజైతది. డిపాజిట్ కట్టంగనే ఓడిపోయినట్టు కాదు కదా.

---

కొత్తగా_చేరాను · శనివారం, సాయంత్రం 6:02

అన్నా, భూమి తగాదా పోలికతో మూడోది పూర్తిగా అర్థమైంది. మా నాన్న అలాంటి డిపాజిట్ రసీదు పదకొండేళ్లు బీరువాలో దాచారు.

ఇంకొక సందేహం. డబ్లిన్ అక్క చెప్పిన 13 బిలియన్ యూరోలు ఎక్కడ, పట్టికలో 10.2 బిలియన్ డాలర్లు ఎక్కడ? డాలర్లలో ఇంకా ఎక్కువ కదా రావాలి.

---

ఎడిసన్_అన్న · శనివారం, రాత్రి 8:40

సరిగ్గా పట్టుకున్నావు చెల్లీ. నోట్ కింది భాగంలో ఉంది చూడు. ఐర్లండ్‌కు ఇవ్వాల్సింది 15.8 బిలియన్ డాలర్లు. అందులోంచి అమెరికా విదేశీ పన్ను క్రెడిట్ 4.8 బిలియన్ పోయింది. అనిశ్చిత పన్నుల కింద పెట్టుకున్న నిల్వ 823 మిలియన్లు తగ్గింది. మిగిలిన నికర భారం 10.2.

ఈ 4.8 మీద ఒక్క నిమిషం ఆగు. వేరే దేశానికి ఆదాయపు పన్ను కడితే, ఒకే ఆదాయం మీద రెండుసార్లు పడకుండా అమెరికా తన పన్నులో కొంత వదులుకుంటుంది. అంటే డబ్లిన్‌కు వెళ్లిన ప్రతి మూడు డాలర్లలో దాదాపు ఒక డాలరు వాషింగ్టన్ ఖజానా నుంచి తగ్గింది. 2016లో అమెరికా ట్రెజరీ కమిషన్ మీద అంత గట్టిగా అభ్యంతరం చెప్పడానికి ఇది కూడా ఒక కారణం. బహుళజాతి కంపెనీ పన్ను వివాదం కంపెనీకీ ఒక ప్రభుత్వానికీ మధ్య అనుకుంటాం. చాలాసార్లు అది రెండు ప్రభుత్వాల మధ్య పంపకం.

---

చిన్న_ఇన్వెస్టరు · ఆదివారం, ఉదయం 9:25

మీ అందరి వివరణకు కృతజ్ఞతలు, కానీ నాకు కడుపు మండుతోంది. నేను రాజమండ్రిలో ప్రైవేటు ఉద్యోగిని. జీతం నా చేతికి రాకముందే టీడీఎస్ పోతుంది. నాకు ఏ హెడ్ ఆఫీసూ లేదు, ఏ ఎస్క్రో లేదు. 0.005 శాతం అంటే పది లక్షల లాభం మీద యాభై రూపాయలు! దాన్ని ఎనిమిదేళ్లు ఖర్చుగా కూడా చూపించకపోవడం తప్పు కాదంటారా? ఈ డిఫర్డ్ ట్యాక్స్ అన్నది కూడా ఎగ్గొట్టిన పన్నుకు పెట్టిన మంచి పేరులా ఉంది నాకు.

---

బెజవాడ_మాస్టారు · ఆదివారం, ఉదయం 10:50

బాబూ, మొదటి భాగంలో మీ బాధ న్యాయమైనది. చట్టం అంత సందు ఇవ్వకూడదు. ఇచ్చింది కాబట్టే చాలా దేశాలు కలిసి 15 శాతం కనీస పన్ను తెచ్చుకున్నాయి. ఏడాదికి 750 మిలియన్ యూరోల అమ్మకాలు దాటిన గ్రూపులకు అది వర్తిస్తుంది, 2024 నుంచి ఐర్లండ్ కూడా అమలు చేస్తోంది.

కానీ లెక్కల పుస్తకం మీద ఆ కోపం చూపకండి. పన్ను ఎంత ఉండాలో చట్టం చెబుతుంది. ఆ చట్టం కింద ఎంత పడే అవకాశముందో నిజాయితీగా చూపడం లెక్కల పని. ఎనిమిదేళ్లూ ప్రతి వార్షిక నివేదికలో ఆ వివాదం, ఆ మొత్తం, ఆ ఎస్క్రో రాసే ఉన్నాయి. దాచలేదు.

ఇక డిఫర్డ్ ట్యాక్స్ ఎగ్గొట్టిన పన్ను కాదని రుజువు చూపిస్తాను. 2017 డిసెంబర్‌లో అమెరికా కార్పొరేట్ రేటు 35 నుంచి 21కి తగ్గించారు. రేటు తగ్గితే కంపెనీలన్నీ సంతోషించాలి కదా? సిటీగ్రూప్ ఆ త్రైమాసికంలో 18.3 బిలియన్ డాలర్ల నష్టం చూపింది! ఎందుకు? 2008 సంక్షోభంలో వచ్చిన నష్టాల వల్ల భవిష్యత్తులో పన్ను తగ్గించుకునే హక్కు వాళ్ల దగ్గర ఆస్తిగా ఉంది. 35 శాతం చొప్పున లెక్కగట్టిన ఆ హక్కు 21 శాతం అయ్యేసరికి 19 బిలియన్ కరిగింది. విదేశీ లాభాల మీద వేసిన ఒక్కసారి పన్ను మరో 3 బిలియన్.

బర్క్‌షైర్ హాతవేకు అదే చట్టం వల్ల 29 బిలియన్ల లాభం. వాళ్లది ఆస్తి కాదు, అప్పు. అందులో ఒక భాగం, అమ్మని షేర్ల మీద పెరిగిన విలువకు ఎప్పటికో కట్టాల్సిన పన్ను. రేటు తగ్గేసరికి ఆ అప్పు తగ్గింది. నిజంగా ఎగ్గొట్టిన పన్నే అయితే రేటు మారినప్పుడు అది ఎందుకు కదులుతుంది?

మన దగ్గరా ఇదే జరిగింది. 2019 సెప్టెంబర్‌లో 22 శాతం రేటు వచ్చింది, సర్‌ఛార్జీ, సెస్సు కలిపి 25.17. ఆ త్రైమాసికంలో ఐసీఐసీఐ బ్యాంకుకు డిఫర్డ్ ట్యాక్స్ ఆస్తి మీద 2,920 కోట్ల దెబ్బ, యాక్సిస్ బ్యాంకుకు 2,138 కోట్లు. యాక్సిస్ ఆ మూడు నెలలకు 112 కోట్ల నష్టం చూపింది. పన్ను తగ్గింపు వార్త పేపర్లో మొదటి పేజీలో, ఈ నష్టం లోపలి పేజీలో.

---

చిన్న_ఇన్వెస్టరు · ఆదివారం, ఉదయం 11:30

సరే మాస్టారూ, డిఫర్డ్ ట్యాక్స్ మీద నా మాట వెనక్కి తీసుకుంటాను. 0.005 మీద కాదు.

మరి నాలాంటివాడు ఒక కంపెనీ నిజంగా ఎంత కట్టిందో ఎక్కడ చూడాలి? రేటు చూసి తెలియదని మీరే అంటున్నారు.

---

ఎడిసన్_అన్న · ఆదివారం, మధ్యాహ్నం 12:10

నగదు ప్రవాహ పట్టిక కింద చూడండి అన్నా, ఆదాయపు పన్నుకు చెల్లించిన నగదు అని ఒక వరస ఉంటుంది. యాపిల్‌కు 2023లో 18.7 బిలియన్, 2024లో 26.1 బిలియన్. 2023లో ఖర్చు 16.7 మాత్రమే, నగదు అంతకంటే ఎక్కువ. కారణాల్లో ఒకటి 2017 చట్టమే. అప్పటిదాకా విదేశాల్లో ఉంచుకున్న లాభాల మీద వేసిన పన్నును ఎనిమిది వాయిదాల్లో కట్టనిచ్చారు: మొదటి ఐదేళ్లు 8 శాతం చొప్పున, తర్వాత 15, 20, 25. ఖర్చు ఎప్పుడో రాసేశారు, చెక్కు మాత్రం ఏటా వెళ్తూనే ఉంది.

దీనికి పూర్తిగా తలకిందులు మెటా. 2025 మూడో త్రైమాసికం ఫలితాలు చూడండి. నికర లాభం 2.71 బిలియన్ డాలర్లు. ఒక్కసారి పన్ను భారం 15.93 బిలియన్. అది లేకపోతే 18.64 బిలియన్ ఉండేది. ఆ మూడు నెలల పన్ను రేటు 87 శాతం! చూసినవాళ్లు ప్రభుత్వం మొత్తం ఊడ్చుకుపోయిందనుకుంటారు. ఆ ఒక్కసారి భారం కింద నగదు రూపంలో ఒక్క డాలరు కూడా వెళ్లలేదు. పైగా అదే ప్రకటనలో, ఆ ఏడాది మిగతా కాలానికీ, రాబోయే సంవత్సరాలకీ అమెరికాలో కట్టే నగదు పన్ను బాగా తగ్గుతుందని కంపెనీ చెప్పింది.

ఎలాగంటే, 2025 జూలైలో వచ్చిన కొత్త చట్టం పరిశోధన ఖర్చులను, పరికరాలను వెంటనే కొట్టేసుకోనిచ్చింది. మామూలు పన్ను పడిపోయింది. పడిపోయేసరికి, పుస్తక లాభం మీద 15 శాతం వేసే ప్రత్యామ్నాయ కనీస పన్ను మెటాకు అడ్డం వచ్చింది. ఆ కనీస పన్ను కింద, ఇంతకాలం పోగేసుకున్న డిఫర్డ్ ట్యాక్స్ ఆస్తి ఉపయోగపడదు. వాడుకోలేని ఆస్తిని ఆస్తిగా ఉంచకూడదు కాబట్టి దాని మీద వాల్యుయేషన్ అలవెన్స్ (ఆస్తి విలువను ఆ మేరకు తగ్గించే పద్దు) పెట్టారు. అదే 15.93.

మేము ఆ రాత్రి ఆఫీసులో ఆ ప్రకటన తెరిచి, ఒక్కో వాక్యం ఆగి ఆగి చదువుకున్నాం. కట్టేది తగ్గినందుకు ఖర్చు పెరిగిన సందర్భం నా ఉద్యోగంలో ఇంత పెద్దది చూడలేదు.

---

డబ్లిన్_లో_ఉంటున్నా · ఆదివారం, మధ్యాహ్నం 3:45

చిన్న ఇన్వెస్టరు గారికి ఇంకో మాట. నగదు మొత్తం ఒక్క అంకెగా చూస్తే ఏ దేశానికి ఎంతో తెలియదు. అది మారుతోంది. అమెరికాలో లిస్టయిన కంపెనీలు 2024 డిసెంబర్ 15 తర్వాత మొదలైన ఆర్థిక సంవత్సరాల నుంచి, కట్టిన మొత్తంలో 5 శాతం, అంతకు మించి ఉన్న ప్రతి దేశాన్నీ విడిగా పేరుతో చూపాలి. యూరప్‌లోనూ దేశాలవారీ నివేదికలు జనం ముందు పెట్టాలన్న నిబంధన 2024 జూన్ 22న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే సంవత్సరాలకు వచ్చింది. మీ ప్రశ్నకు పూర్తి జవాబు ఇకముందు నివేదికల్లోనే దొరుకుతుంది.

---

కొత్తగా_చేరాను · ఆదివారం, రాత్రి 9:15

ఒక్క ప్రశ్న మిగిలింది. మా హైదరాబాద్ సబ్సిడరీ ఈ మొత్తం చిత్రంలో ఎక్కడుంటుంది? మేం అమ్మేదేమీ లేదు కదా, అయినా ఇక్కడ పన్ను కడుతున్నాం.

---

ఓరుగల్లు_ఆడిటర్ · ఆదివారం, రాత్రి 10:05

మీ కంపెనీ మాతృసంస్థకు సేవ చేస్తది, ఖర్చు మీద కొంత మార్జిన్ కలిపి బిల్లు వేస్తది. ఖర్చు 100 కోట్లు, మార్జిన్ 15 అనుకో. ఇక్కడ పన్ను 15 మీదనే, 25.17 శాతం చొప్పున 3.78 కోట్లు. మీ జీతాలు, ఆ గచ్చిబౌలి అద్దె, క్యాబులు అన్నీ ఆ 100లో పోయినయి. అసలు లాభం సాఫ్ట్‌వేర్ హక్కులు ఏ దేశంల ఉన్నయో అక్కడ పడుతది. ఆ 15 అన్నది 12 కావాల్నా 18 కావాల్నా అన్నదే ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ (ఒకే గ్రూపు కంపెనీల మధ్య ధర) కొట్లాట. ఐర్లండ్ కేసుల కూడా మూలం ఇదే తల్లీ, లాభాన్ని ఏ గదిలో పెట్టాలె అన్న ప్రశ్న.

ఇంకోటి. అదే అంకె నువ్వు రెండుసార్లు లెక్కిస్తవ్. హైదరాబాద్ కంపెనీ సొంత ఖాతాలకు ఇండ్ ఏఎస్ 12, అమెరికా కన్సాలిడేషన్‌కు (గ్రూపు మొత్తం కలిపిన ఖాతాలకు) ఏఎస్‌సీ 740. ఉద్యోగుల షేర్ల దగ్గర, గ్రూపులో ఒకరి నుంచి ఒకరికి అమ్మిన సరుకు దగ్గర ఆ రెండు ప్రమాణాలు విడిపోతయి. మీ షీట్‌ల 'జీఏఏపీ తేడా' (లెక్కల ప్రమాణాల తేడా) అన్న కాలమ్ ఉంటే అదే ఇది.

పనిలో నాదొక అలవాటు చెప్త. రేట్ రెక్‌ల 'ఇతరాలు' అన్న వరస ఎప్పుడూ ముందు తెరువు. తెలియనివన్నీ అక్కడనే చేరుతయి.

---

కొత్తగా_చేరాను · గురువారం, రాత్రి 11:38

త్రైమాసికం లెక్కల క్లోజ్ అయిపోయింది, ఇప్పుడే ఇంటికొచ్చాను. అన్న చెప్పినట్టు ముందు 'ఇతరాలు' తెరిచాను. మా దగ్గర దానిలో 0.5 మిలియన్ డాలర్లు కూర్చుని ఉన్నాయి, మూడు త్రైమాసికాలుగా ఎవరూ కదపలేదు. వెనక్కి వెళ్లి చూస్తే, గత ఏడాది ప్రొవిజన్‌లో పరిశోధన క్రెడిట్ 4.1 అని అంచనా వేశారు. అక్టోబర్‌లో రిటర్న్ ఫైల్ చేసినప్పుడు అది 3.6 అయింది. ఆ ట్రూ-అప్ (అంచనాకూ అసలుకూ మధ్య తేడా సర్దుబాటు) తన వరసలో పడకుండా ఇటు జారింది.

మొత్తం పన్ను ఖర్చు మారలేదు, అంకె సరైన వరసలోకి వెళ్లింది అంతే. మేనేజర్ ఎలా కనుక్కున్నావని అడిగారు. రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి చూపించాను, ఈసారి ఎందుకు టై అయిందో కూడా చెప్పగలిగాను.

మాస్టారూ, ఇంకో సందేహం వచ్చింది. మెటా పెట్టిన ఆ వాల్యుయేషన్ అలవెన్స్, చట్టం మళ్లీ మారితే వెనక్కి తీసుకుంటారా? తీసుకుంటే ఆ త్రైమాసికం లాభం ఒక్కసారి ఎగిరిపోతుందా?

---

బెజవాడ_మాస్టారు · శుక్రవారం, ఉదయం 6:10

తీసుకుంటారు, ఎగురుతుంది. ఆస్తి వాడుకోగలం అన్న ఆధారం వచ్చిన త్రైమాసికంలోనే అలవెన్స్ వెనక్కి రావాలి. పన్ను ఖర్చు ఆ మేరకు తగ్గుతుంది, ఒక్కోసారి మైనస్‌లోకి కూడా వెళ్తుంది. ఆ 100 కోట్ల మిషన్ కాగితం పారేయలేదు కదా? సాయంత్రం దాని మీదే ఇదీ వేసి చూపిస్తాను.